తరలింపు పూర్తయిందని ఎవరు చెప్పాలి?

పాత కంప్యూటరులోని సమస్తాన్నీ కొత్త డిస్కుకు మార్చుకోవడం ఇంటిపనుల్లో ఒకటిగా కనిపిస్తుంది. దానికి రాజకీయాలతో సంబంధం ఏముంటుందని ఎవరికైనా అనిపించవచ్చు. అయితే 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగియడంతో ఈ ఇంటిపని ఒక్కసారిగా వీధిన పడింది. నిన్నటిదాకా నిక్షేపంగా పనిచేసిన యంత్రానికి కాలం చెల్లిందని ఎక్కడో కూర్చున్న ఒక కంపెనీ తీర్పు చెప్పింది. డిస్కు మార్చాలా, ఆపరేటింగ్ సిస్టమ్ మార్చాలా, యంత్రాన్నే మార్చాలా అన్న ప్రశ్న సామాన్యుడి గడప ఎక్కింది. ఏది తరలాలి, ఎవరి ఆజ్ఞతో తరలాలి, తరలింది సవ్యంగా చేరిందని ఎవరు ధ్రువీకరించాలి? ఈ మూడూ కంప్యూటరుకు మాత్రమే చెందిన ప్రశ్నలు కావు. పాలనలో ప్రతి మార్పునూ పౌరుడు అడగవలసినవే.

ఈ ప్రశ్నలను పరిశీలించడానికి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌ను మించిన ఊరు దొరకదు. తరలింపు మీదే పుట్టిన ఊరు అది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ కూడలినీ, వర్క్‌షాపునూ నిర్మించింది. 1902లో తూర్పు తీర రైలుమార్గంలోని ఉత్తర భాగం కూడా ఆ కంపెనీ చేతికి రావడంతో వాల్తేరు నుంచి హౌరా దాకా ఒకే యాజమాన్యం కిందికి వచ్చింది. దానితో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల కుటుంబాలు పొట్ట చేతపట్టుకుని ఆ పట్టాల వెంట ఉత్తరానికి ప్రయాణం కట్టాయి. కొలిమి దగ్గర, లేత్ దగ్గర, బాయిలర్ల దగ్గర తెలుగు వినిపించసాగింది. మూడు నాలుగు తరాలు గడిచినా ఆ మాట ఆ ఊరి వీధుల్లో ఆగలేదు.

ఖరగ్‌పూర్ కార్మికులకు యాజమాన్యాల తీర్పులూ కొత్త కాదు. 1927లో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా వర్క్‌షాపు కార్మికులు సమ్మె కట్టారు. 1928లో తొలగింపునకు గురైన కార్మికుల హక్కుల కోసం బెంగాల్ నాగపూర్ రైల్వేలో జరిగిన అహింసాయుత సమ్మెకు నాయకత్వం వహించిన వి.వి.గిరి, బరంపురంలోని తెలుగు కుటుంబంలో పుట్టి తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన మనిషి. అక్కరకు రావనుకున్న మనుషులను ఒక్క కలంపోటుతో తీసివేయడం కుదరదని ఆ ఉద్యమాలు చెప్పాయి. మరో పక్క 1931 సెప్టెంబరు 16న ఇద్దరు రాజకీయ ఖైదీలు తుపాకి గుండ్లకు బలైన హిజ్లీ నిర్బంధ శిబిరంలోనే 1951లో దేశంలోని మొట్టమొదటి ఐఐటీ మొదలైంది. జైలు గోడలు ఉన్నచోటనే ఉన్నాయి; లోపల నడిచే వ్యవస్థ మారింది. పాత పెట్టెలో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడమంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కరలేదు.

ఇక యంత్రం సంగతి. ఆ ఊళ్లో ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి ఇంటిని ఊహించుకోవచ్చు. పదేళ్లనాటి కంప్యూటరు. లోపల తిరిగే హార్డ్ డిస్కు. అందులో పింఛను ఉత్తర్వుల స్కాన్ ప్రతులు, పిల్లల సర్టిఫికెట్లు, సొంతూరి పొలం కాగితాలు, పెళ్లిళ్ల ఫొటోలు, వీధిలోని తెలుగువారి సంఘం లెక్కలు. డిస్కు ఈ మధ్య టిక్కుటిక్కుమంటోంది. కొత్త ఎస్ఎస్‌డీ ఒకటి తెచ్చి, ఉన్నవన్నీ ఎంపిక చేసి అందులోకి కాపీ చేస్తే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. ఫైళ్ల వరకు అది చాలావరకు నిజం. ఆపరేటింగ్ సిస్టమ్ విషయంలో మాత్రం కాదు.

కంప్యూటరు మేల్కొన్నప్పుడు మొదట చూసేది ఫొటోలనో, ఉత్తరాలనో కాదు. తనను ఎక్కడ నుంచి లేపాలో చెప్పే ఒక చిన్న భాగాన్ని చూస్తుంది. ఆ భాగం కొత్త డిస్కులో లేకపోతే, మిగిలిన సరుకంతా భద్రంగా చేరినా తెర నల్లగానే ఉంటుంది. లినక్స్ వంటి వ్యవస్థల్లో ప్రతి విభాగానికీ ఒక విశిష్ట గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఏ విభాగాన్ని ఎక్కడ తగిలించాలో ఆ సంఖ్య ఆధారంగానే ఒక పట్టికలో రాసి ఉంటుంది. ఫైళ్లు మారి ఆ పట్టిక మారకపోతే, యంత్రం పాత చిరునామాకే వెళ్లి తలుపు తడుతుంది. అందుకే ఫైళ్లను కాపీ చేయడం వేరు, డిస్కును అంగుళం విడవకుండా ప్రతిబింబించే క్లోనింగ్ వేరు. క్లోనింగ్‌లో మరో చిక్కు ఉంది: పాతదీ కొత్తదీ ఒకే గుర్తింపుతో ఉంటాయి. రెండింటినీ ఒకేసారి తగిలిస్తే విండోస్ వాటిలో ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది. ఒకే పేరుతో ఇద్దరు ఓటర్లున్న జాబితా వంటిదే ఇదీ.

డిస్కును భాగాలు చేయడాన్ని సాంకేతికులు పార్టిషన్ అంటారు. తెలుగులో విభజన. ఆ మాట వింటే తెలుగు పాఠకుడికి గుర్తొచ్చేది కంప్యూటరు కాదు, 2014 జూన్ 2. ఒక రాష్ట్రం రెండైనప్పుడు సరిహద్దు గీత ఒక్క రోజులో అమల్లోకి వచ్చింది. కానీ తొమ్మిదో, పదో షెడ్యూళ్లలోని సంస్థల పంపకం పదేళ్లు దాటినా వివాదంగానే మిగిలింది. డిస్కులోనూ ఇంతే. గీత గీయడం క్షణం పని. ఏ ఫైలు ఎటు వైపు ఉండాలి, ఉమ్మడిగా వాడుకున్నవాటి హక్కు ఎవరిది అన్నవి ముందే తేల్చుకోకపోతే తర్వాత తలనొప్పి తప్పదు. పాత పద్ధతి పట్టిక ముప్పై రెండు బిట్ల సంఖ్యతో లెక్కించడం వల్ల సుమారు రెండు టెరాబైట్లకు మించిన చోటును గుర్తించలేదు. పాత పట్టికనే యథాతథంగా పెద్ద డిస్కు మీద దించితే, మిగిలిన చోటు ఉండీ లేనట్లే.

తరలింపులో అసలైన ఘట్టం కాపీ పూర్తయిందని తెర మీద కనిపించిన తర్వాత మొదలవుతుంది. వంద శాతం అన్న ఆ అంకె యంత్రం తన పని ముగించానని చెప్పుకున్న మాట మాత్రమే. చేరవలసింది చేరిందన్న హామీ కాదు. జాగ్రత్తపరులు పాత ఫైలుకూ కొత్త ఫైలుకూ గణితపరమైన ముద్ర ఒకటి తీసి సరిపోల్చుతారు. ఒక్క అక్షరం తేడా పడినా ముద్ర మారిపోతుంది. ఆ తర్వాత పాత డిస్కును ఊడదీసి, కొత్తదానితో ఒక్కదానితోనే యంత్రాన్ని లేపి చూస్తారు. పాతది లోపలే ఉండగా చేసిన పరీక్షకు విలువ లేదు; కొత్తది నడుస్తోందనుకుంటూ నిజానికి పాతదాని మీదే నడుస్తుండవచ్చు. డిస్కుకు రహస్య తాళం వేసి ఉంటే దాని పునరుద్ధరణ సంఖ్య ముందే కాగితం మీద రాసి ఉంచుకోవాలి. ఇవన్నీ అయ్యాకనే పాతదాన్ని చెరపడం గురించి ఆలోచించాలి. చెరపడానికి తొందరపడేవారే తర్వాత వగచేది.

చావుబతుకుల్లో ఉన్న డిస్కుకు మరో నియమం ఉంది. డీడీరెస్క్యూ వంటి ఉచిత సాధనాలు మొదట తేలిగ్గా చదవగలిగిన భాగాలన్నిటినీ ఒక చుట్టులో గబగబా ఎత్తేస్తాయి. మొరాయించిన చోట్లను ఒక పటంలో గుర్తు పెట్టుకుని తర్వాత మళ్లీ వస్తాయి. మొదటి అడ్డంకి దగ్గరే మొండిగా నిలబడి పోరాడితే, అప్పటిదాకా క్షేమంగా ఉన్నవి కూడా పోవచ్చు. వరద సహాయక చర్యల్లో అధికారులు నేర్చుకోవలసిన వరుస ఇదే.

ఖరగ్‌పూర్ స్టేషన్ సరిగ్గా ఇటువంటి తరలింపునే మహా పరిమాణంలో చూసింది. 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారంతో, 2013లో గోరఖ్‌పూర్ ముందుకొచ్చేదాకా ప్రపంచ రికార్డు దానిదే. అంతకు మించిన విశేషం ప్లాట్‌ఫారం మీద నిలబడిన ప్రయాణికుడికి కనిపించదు. ఏ బండి ఏ పట్టా మీదికి వెళ్లాలి, ఆ దారి ఖాళీగా ఉందా, పాయింట్లు సరైన వైపు తిరిగి బిగుసుకున్నాయా అని చూసి ఆ తర్వాతే సిగ్నల్ ఇచ్చే వ్యవస్థను ఇంటర్‌లాకింగ్ అంటారు. ఒక స్టేషన్‌కు అదే ఆపరేటింగ్ సిస్టమ్. ఖరగ్‌పూర్‌లో రిలేలతో నడిచిన పాత వ్యవస్థ 423 మార్గాలను సంభాళించేది. 2017 నవంబరులో దాని స్థానంలో 800 మార్గాలను చూడగల ఎలక్ట్రానిక్ వ్యవస్థ వచ్చింది. ప్రపంచంలోనే అతి పెద్దదని రైల్వేలు అప్పట్లో ప్రకటించాయి.

ఆ మార్పు కోసం ఎన్నో రైళ్లను రద్దు చేశారు, మరెన్నింటినో దారి మళ్లించారు. ప్రయాణికులు విసుక్కున్నారు. విసుగు సహజమే కానీ, రద్దు అనవసరం కాదు. పాత మెదడును తీసి కొత్త మెదడును అమర్చే రోజుల్లో స్టేషన్‌కు తనంతట తాను ఆలోచించే శక్తి ఉండదు. అటువంటి వేళ పాయింట్లను చేత్తో తిప్పి, క్లాంపు బిగించి, తాళం వేసి, కాగితం మీద అనుమతి రాసిచ్చి, చేతి జెండాతో బండిని నడిపించడం రైల్వేల ఆచారం. పాతది ఆగి కొత్తది ఇంకా నమ్మకం సంపాదించని ఆ సంధికాలంలో, యంత్రం చేసిన పనిని మనిషి చేస్తాడు. ఇంట్లో డిస్కు మార్చేవాడు ఆ రెండు గంటలు మరే పనీ పెట్టుకోకూడదని చెప్పడంలోని అంతరార్థమూ అదే.

అదే డివిజన్ మరో పాఠాన్నీ చెప్పింది. అది రక్తంతో రాసిన పాఠం. 2023 జూన్ 2 సాయంత్రం ఒడిశాలోని బాలేశ్వర్ జిల్లా బహనాగా బజార్ స్టేషన్‌లో షాలిమార్ నుంచి చెన్నై వెళ్తున్న కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు ప్రధాన మార్గంలో నేరుగా వెళ్లవచ్చని సిగ్నల్ పడింది. పాయింటు మాత్రం లూప్ లైనుకు తిరిగి ఉంది. బండి అక్కడ ఆగివున్న గూడ్సును ఢీకొంది. పక్కకు ఒరిగిన పెట్టెలకు యశ్వంత్‌పూర్–హౌరా ఎక్స్‌ప్రెస్ చివరి పెట్టెలు తగిలాయి. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. బహనాగా బజార్ ఆగ్నేయ రైల్వేలోని ఖరగ్‌పూర్ డివిజన్‌లోనిదే.

రైల్వే భద్రతా కమిషనర్ విచారణ ఎవరి కుట్రనూ వెలికితీయలేదు. గతంలో సిగ్నల్ సర్క్యూట్‌ను మార్చినప్పుడు జరిగిన లోపాలూ, లెవెల్ క్రాసింగ్ గేటు వద్ద విద్యుత్ అడ్డుకర్రను మార్చే పనిలో జరిగిన పొరపాట్లూ కారణమని తేల్చింది. తీగలకు ఉన్న గుర్తింపు చీటీ ఒకటి, అవి వాస్తవంగా చేసే పని మరొకటి. ఒకప్పుడు మార్పు చేసినవారు పట్టికను సరిదిద్దలేదు; తర్వాత వచ్చినవారు పట్టికను నమ్మారు. పట్టాల పక్కన ఆ పాత చిరునామా వందల ఇళ్లలో దీపాలు ఆర్పింది. ఇదే డివిజన్‌లో 2022 మేలో తప్పుడు వైరింగు వల్లే ఒక ఘటన జరిగిందనీ, అప్పుడే దిద్దుబాటు చర్యలు తీసుకుని ఉంటే బహనాగా ప్రమాదం జరిగేది కాదనీ ఆ నివేదిక పేర్కొంది. హెచ్చరిక అందింది. దాన్ని చదివి పని చేయవలసిన వ్యవస్థ చదవలేదు.

ఇంటి డిస్కుకూ, రైలు ప్రమాదానికీ పోలిక తేవడం అతిశయోక్తి అనిపించవచ్చు. నష్టంలో పోలిక లేదు. ఫొటోలు పోవడం వేరు, ప్రాణాలు పోవడం వేరు. క్రమంలో మాత్రం ఉంది. మార్చడం, మార్చినదాన్ని నమోదు చేయడం, నమోదును పరీక్షించడం అనే మూడింటిలో మన వ్యవస్థలు మొదటిదానికి రిబ్బను కత్తిరిస్తాయి. రెండోదాన్ని కింది ఉద్యోగికి వదిలేస్తాయి. మూడోదానికి నిధులు ఉండవు. ప్రారంభోత్సవానికి మంత్రులు వస్తారు గానీ, పరీక్షకు ఎవరూ రారు.

అన్నీ సవ్యంగా చేరినా చేరనిది ఒకటుంటుంది. ఆ విశ్రాంత ఉద్యోగి తెలుగు సంఘం లెక్కల ఫైలును కొత్త యంత్రంలో తెరిస్తే తెలుగు కనిపించకపోవచ్చు. ఇంగ్లిషు అక్షరాలూ, చుక్కలూ, గీతలూ కలిసిన పిచ్చిరాత కనిపించవచ్చు. ఫైలు చెడలేదు, ఒక్క బిట్టు కూడా పోలేదు. అది అనూ, శ్రీలిపి వంటి ఫాంట్లతో టైపు చేసిన కాలానిది. ఆ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన గదుల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టాయి. ఫాంటు ఉన్నంతకాలం తెలుగు. ఫాంటు పోతే అది తెలుగు అని చెప్పే ఆధారం ఫైలులో లేదు. యూనికోడ్ 1991లోనే తెలుగుకు సొంత సంఖ్యలు కేటాయించింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో దానికి మద్దతు ఇచ్చింది. అయినా డీటీపీ కేంద్రాలు పాత బాటనే చాలాకాలం నడిచాయి. ఫలితంగా సంఘాల మినిట్సులు, ఆహ్వాన పత్రికలు, స్మారక సంచికలు అనేకం పరాయి అక్షరాల కింద అజ్ఞాతవాసం చేస్తున్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. మార్చాలన్న పట్టింపే కావాలి.

ప్రవాసంలోని భాషకు ఇది ప్రాణసంకటం. 2021 శాసనసభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల ఆకాంక్ష అది. ఎన్నికల లెక్కలు అందులో లేవని ఎవరూ అనరు. ఉన్నంత మాత్రాన నిర్ణయం చిన్నదీ కాదు. కానీ హోదా అన్నది ఫైలు పేరు వంటిది. జాబితాలో పేరు కనిపిస్తే లోపల సరుకు ఉందని అర్థం కాదు. మునిసిపాలిటీ కౌంటరు దగ్గర తెలుగులో రాసిన దరఖాస్తును తీసుకుంటారా, బడిలో తెలుగు చెప్పే ఉపాధ్యాయుడు ఉన్నాడా, తెలుగు ప్రశ్నపత్రం అందుతుందా అన్నవి ఫైలును తెరిచి చూడటం. ఆ పరీక్షలో ఉత్తీర్ణత కోల్‌కతాలోని సచివాలయం ఇవ్వలేదు. ఖరగ్‌పూర్ వీధిలోని తల్లిదండ్రులే ఇవ్వాలి.

మొదటి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది: తరలమని ఆజ్ఞాపించే అధికారం ఎవరిది? విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, కొన్ని తరాల తర్వాతి ప్రాసెసరే ఉండాలి. 2018కి ముందు కొన్న యంత్రాల్లో చాలావరకు ఆ గీతకు ఇవతలే మిగిలిపోయాయి. గడువు ముగిశాక మరో ఏడాది భద్రతా నవీకరణలు ఇస్తామన్నారు. అది వాయిదా మాత్రమే, విముక్తి కాదు. నడుస్తున్న యంత్రాన్ని చెత్తకుప్పకు పంపడం అనివార్యం కాదని చెప్పే దారి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. కేరళ తన ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి లినక్స్ ఆధారిత వ్యవస్థనే నడుపుతోంది. కేంద్రం 2015లో ఓపెన్ సోర్స్ వినియోగ విధానాన్ని ప్రకటించింది. 2023లో రక్షణ శాఖ ఉబుంటు ఆధారంగా రూపొందిన మాయా వ్యవస్థ వైపు మొగ్గింది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే మాట్లాడే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసింది.

అయితే ఆదర్శం ఒక్కటే తరలింపును నిలబెట్టదు. జర్మనీలోని మ్యూనిక్ నగరం 2003లో లినక్స్‌కు మారాలని నిర్ణయించి, 2013 నాటికి పదిహేను వేలకు చేరువలో కంప్యూటర్లను మార్చి, 2017లో మళ్లీ విండోస్‌కు వెళ్లాలని తీర్మానించింది. యంత్రాలను మార్చినంత తేలిగ్గా అలవాట్లను, బయటివారితో ఫైళ్ల రాకపోకలను, పాలకవర్గాల మనసులను మార్చలేకపోయింది. ఖరగ్‌పూర్‌లోని ఇంటికీ ఇదే వర్తిస్తుంది. లినక్స్ ఎక్కించి వెళ్లిపోయిన మనవడు మర్నాడు ప్రింటరు పనిచేయడం లేదన్న తాతయ్య ఫోనుకు జవాబివ్వకపోతే, వారం తిరక్కుండా పాతదే తిరిగి వస్తుంది. తరలింపు భుజాన వేసుకున్నవారికి తర్వాతి బాధ్యతా ఉంటుంది.

నేషనల్ డిజిటల్ లైబ్రరీని నిర్మించి నడిపిస్తున్నది ఖరగ్‌పూర్ ఐఐటీయే. దేశపు పుస్తకాలకు ఒకే వాకిలి కట్టిన ఊళ్లోనే, పక్క బస్తీలోని తెలుగు సంఘం రికార్డులు శబ్దం చేస్తున్న డిస్కులో మిగిలిపోవలసిన పని లేదు. దానికి ప్రభుత్వ పథకం కూడా అక్కరలేదు. ఒక బయటి డిస్కు, రెండో ప్రతికి మరో ఇల్లు, యూనికోడ్‌లోకి మార్చగల ఇద్దరు విద్యార్థులు, నాలుగు ఆదివారాలు చాలు.

తరలింపు పూర్తయిందని చెప్పవలసింది తరలించినవాడు కాదు. డిస్కు మార్చిన మెకానిక్కు కాదు, పాత ఫైలును తెరిచి చదువుకోగలిగిన యజమాని. వ్యవస్థను ప్రారంభించిన మంత్రి కాదు, పట్టాల మీద క్షేమంగా గమ్యం చేరిన ప్రయాణికుడు. హోదా ప్రకటించిన మంత్రివర్గం కాదు, కౌంటరు దగ్గర తెలుగు కాగితం ఇచ్చి రసీదు తీసుకున్న పౌరుడు. వారి నోట ఆ మాట వచ్చేదాకా పాత డిస్కును చెరపకూడదు. పాత నమోదులను తగలబెట్టకూడదు. పాత మనుషులను పక్కకు నెట్టకూడదు.